నౌకాసేనకు విమానములేల?



కొంతకాలము క్రిందట నేను నా మనుమని వెంటబెట్టుకొని విశాఖపట్టణము పోయితిని. అచ్చటి సముద్రతీరపు బాట ప్రక్కను ఒక పెద్ద విమానమును నిలిపి ప్రదర్శనశాలగా చేసియున్నారు. దాని పేరు టీయూ-142. సోవియట్ రష్యాలో తయారైన ఆ జాతి విమానములు 1988 మొదలు మన నౌకాసేనయందు సముద్రములను కావలి కాచి, 2017లో విశ్రాంతి పొందినవి. పిల్లవాడు దాని రెక్క క్రింద నిలువబడి, "తాతా! ఓడలవారికి ఓడలుండవలెను గాని విమానమెందుకు? విమానములవారు వేరుగా ఉన్నారు గదా!" అని యడిగెను.

ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పినవాడనయ్యు ఆ ప్రశ్నకు నేను వెంటనే ఉత్తరము చెప్పలేకపోతిని. ఇంటికి వచ్చి గ్రంథములు తిరుగవేయగా ఒక సంగతి తెలిసినది. ఆ పసివాని ప్రశ్ననే ఒక మహారాజ్యపు మంత్రులును, సేనానులును ఇరువది యేండ్లు వాదించుకొనిరి. వాదము తీరి ముగియునంతలో యుద్ధము వచ్చి పడినది. ఆ యుద్ధపు నిప్పురవ్వ యొకటి మన తీరముపైనను రాలినది. ఆ కథయే ఈనాటి నా ప్రసంగము.

మొదట పిల్లవాని ప్రశ్నను చూతము. నేలమీది విమానము దిగుటకు విశాలమైన మైదానము కలదు, అది కదలదు. ఓడమీది విమానము దిగవలసిన చోటన్ననో, ఆ కాలపు ఓడలలో రెండువందల గజములకు కొంచె మిటునటుగా ఉండెడిది. అది అలలపై ఊగుచుండును. విమానము ఎగిరిపోవునప్పుడున్న చోట తిరిగి వచ్చునప్పటికి ఉండదు. ఓడ పైతట్టుకు అడ్డముగా బిగించిన ఉక్కు త్రాటిని విమానపు తోకక్రింది కొక్కెము పట్టుకొన్ననే గాని బండి నిలువదు. రెక్కలు మడుచుటకు వీలుండవలెను. లేకున్న ఓడ కడుపులోని కొట్టులో పట్టవు. ఉప్పుగాలికి లోహము త్రుప్పుపట్టరాదు. చెట్టు, గుట్ట, ఏరు అను గురుతు ఒక్కటియు లేని నీటిపై వందల మైళ్లు పోయి, కనబడిన ఓడ మిత్రునిదో శత్రునిదో పోల్చుకొని, కదలిపోవుచున్న తన ఓడను మరల వెదకి చేరవలెను. ఇదంతయు ఓడలవారితో కలసి బ్రదికిన వానికే అలవడు విద్య. విమానము నౌకాసేనకు దూరపు కన్ను, దూరపు చేయి. కన్ను ఒక ఇంట, చేయి మరియొక ఇంట ఉన్నచో శరీరము పడు పాటు ఎట్టిదో ఊహింపుడు.

ఈ విద్యలో మొదటి గురువు బ్రిటిషు దేశము. 1914లో వారి నౌకాసేనకు ప్రత్యేకముగా విమానశాఖ యేర్పడినది. 1917 ఆగస్టు 2వ తేదీన స్కాట్లండునకు ఉత్తరముననున్న స్కాపాఫ్లో రేవులో ఎడ్విన్ డన్నింగ్ అను యువకుడు, నడచుచున్న ఓడపై విమానమును దింపెను. లోకములో అట్లు దింపినవారిలో అతడే ప్రథముడు. ఆనాడు ఉక్కు త్రాళ్లు లేవు. స్నేహితులు పరుగెత్తి విమానమును చేతులతో పట్టి నిలిపిరి. అయిదు దినములకే మరల దింపబోయి, విమానము ఓడ అంచు దాటి నీట పడగా అతడు ప్రాణములు కోల్పోయెను. ఆ ఓడ పేరు ఫ్యూరియస్. మరుసటి సంవత్సరము జూలైలో ఆ ఓడనుండియే ఏడు విమానములు లేచిపోయి, జర్మనీవారి టాండర్న్ అను స్థావరమున రెండు జెప్పెలిన్ గాలియోడలను కాల్చివేసినవి. పైతట్టంతయు చదునుగా నిర్మించిన మొదటి విమానవాహక నౌకయగు ఆర్గస్ కూడ 1918 సెప్టెంబరులో సిద్ధమైనది. ఇట్లు ఆ దేశము అందరికంటె ముందుండెను.

అయితే ఈ నడుమనే ఇంటిలో పంపకము జరిగినది. 1917 జూన్, జూలై మాసములలో జర్మను విమానములు లండను నగరముపై బాంబులు వేసినవి. జూన్ 13వ తేదీన ఒక్కనాడే 162 మంది చనిపోయిరి. ప్రజలు కలతజెందిరి. భూసేన విమానములు ఒకవైపు, నౌకాసేన విమానములు ఒకవైపు, నగరమును కాచు నాథుడు లేడను మాట పుట్టినది. ప్రభుత్వము జనరల్ స్మట్స్ అను దక్షిణాఫ్రికా నాయకుని విచారింపుమనెను. ఆయన రెండింటిని కలిపి మూడవ సేనగా చేయవలెనని చెప్పెను. 1918 ఏప్రిల్ 1వ తేదీన వాయుసేన పుట్టినది. నౌకాసేననుండి సుమారు 55 వేల మంది మనుష్యులును, దాదాపు 3 వేల విమానములును ఒక్కనాడే ఆ క్రొత్త ఇంటికి తరలిపోయినవి.

ఈ నిర్ణయమును మూర్ఖత్వమని తోసివేయరాదు. వాయుసేనవారి వాదమునకు బలము కలదు. ఆకాశము ఒక్కటే, నేలపైన వేరు, నీటిపైన వేరు కాదు, ఒక్క సేన క్రింద నుండిన ధనము కలిసివచ్చును, శిక్షణము కలిసివచ్చును, అవసరమైన చోటికి బలమంతయు ఒక్కసారి పంపవచ్చును — ఇది వారి మాట. అంతేకాదు. 1918లో యుద్ధము ముగిసిన పిమ్మట ధనము కరవైనది. పదియేండ్లవరకు మహాయుద్ధము రాదను భావనపై సేనల వ్యయమును కోసివేసిరి. అన్నలిద్దరును, అనగా నౌకాసేనయు భూసేనయు, ఈ క్రొత్త తమ్ముని విడదీసి పంచుకొనవలెనని చూచిరి. కావున వాయుసేన నాయకుడగు ట్రెంచర్డ్ తన ఇల్లు నిలుచుటకే పోరాడవలసివచ్చెను. ఒక్క దళమును వదలినచో అంతయు పోవునను భయము ఆయనది. భయముగల ఇంట పెట్టు బుద్ధి పుట్టదు. పట్టు బుద్ధియే పుట్టును.

1924లో ఒక రాజీ జరిగినది. నౌకాసేన పక్షమున మాటలాడినవాడు రోజర్ కీస్. విచిత్రమేమన, ట్రెంచర్డును కీసును తోడల్లుండ్రు, అక్కచెల్లెండ్రను వివాహమాడినవారు. ఒక పంక్తిని భోజనము చేయు బంధువులు కూడ సేనల వాదమును పూర్తిగా తీర్పలేకపోయిరి. వారు కుదిర్చిన ఏర్పాటిది: ఓడలపై విమానదళము వాయుసేనలో ఒక శాఖగా ఉండును. నడుపువారిలో నూటికి డెబ్బదిమంది వరకు నౌకాసేనవారు ఉండవచ్చును. వారికి రెండు సేనలలోను రెండు పదవులు. వెనుక కూర్చుండి దారి చూచువారందరును నౌకాసేనవారే. ఓడపై ఉన్నప్పుడు నౌకాసేన ఆజ్ఞ, నేలపై ఉన్నప్పుడు వాయుసేన ఆజ్ఞ. ఎట్టి విమానము కావలెనో చెప్పి ధనమిచ్చుట నౌకాసేన వంతు; దానిని చేయించి కొనిపెట్టుట వాయుసేన మంత్రిశాఖ వంతు.

భారతకథ మీకు నేను చెప్పనక్కరలేదు. కర్ణునివంటి విలుకాడు రథమెక్కినాడు; శల్యునివంటి సారథి పగ్గములు పట్టినాడు. ఇద్దరును సమర్థులే. కాని ఇద్దరి మనస్సు ఒకటి కాదు. సారథి రథము నడపుచునే యోధుని నిరుత్సాహపరచుచుండెను. ఎదుటి రథమున ఉన్నవారును ఇద్దరే. కాని వారికి మనస్సు ఒకటే. విల్లు ఎవరిదో, పగ్గములు ఎవరివో అను దానికంటె, రెండింటికిని సంకల్ప మొకటియా కాదా అనునదే యుద్ధమున తేల్చు విషయము. బ్రిటిషువారి ఓడలపై విమానదళమునకు పదునైదేండ్లు శల్యసారథ్యము జరిగినది.

దాని ఫలములు మూడు విధములుగా కనబడినవి. మొదటిది మనుష్యుల విషయము. 1918లో నౌకాసేనలో విమానవిద్య తెలిసినవారందరును వెడలిపోయిరి. ఆ పిమ్మట ఇరువది యేండ్లకు ఓడల నాయకులుగా, సేనాధిపతులుగా పైకి రావలసినవారు వారే. వారు లేరు. కావున 1930ల నాటికి నౌకాసేన పెద్దలలో విమానము నెక్కి ఎరిగినవారు అరుదైరి. చిన్నవారు చెప్పిన మాట పైకి చేరుటకు మెట్లు లేకపోయెను. అమెరికాలోనన్ననో, 1921లోనే నౌకాసేనలో విమానములకు ప్రత్యేక కార్యాలయ మేర్పడి, అందులోని వారే క్రమముగా సేనాపతులైరి. ఒక తరమును పోగొట్టుకొనుట సులభము. దానిని మరల పెంచుటకు ఒక తరము పట్టును. పాఠశాల నడపినవారికి ఇది క్రొత్త సంగతి కాదు.

రెండవది యంత్రముల విషయము. కోరువాడొకడు, కొనువాడొకడు అయినప్పుడు కోరిక చల్లారిపోవును. ఓడల విమానముల కోరిక కొలది. కావున కర్మాగారముల వారికి దానిపై ఆసక్తి తక్కువ. వాయుసేనకు తన అవసరములు ముందు. 1938లో గంటకు 350 మైళ్లకు మించి పోగల స్పిట్‌ఫైర్ విమానము వాయుసేనలో చేరినది. అప్పుడు ఓడలపై టార్పెడో మోయునది స్వోర్డ్‌ఫిష్. దానికి రెండంతస్తుల రెక్కలు, గుడ్డ కప్పిన దేహము, పైకప్పులేని కూర్చుండు చోటు. దాని మహావేగము గంటకు 140 మైళ్లు. జపాను నౌకాసేనవారు 1937 నాటికే ఒకే అంతస్తు రెక్కలుగల లోహపు యుద్ధవిమానములను ఓడలపైనుండి నడపుచుండిరి. మన పల్లెలలో "ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చె" నను సామెత యున్నది. గొడ్డుపై ఇద్దరికిని ప్రేమ లేకపోలేదు. మేత నీవు వేయుదువని వీడు, నీవు వేయుదువని వాడు.

మూడవది ఆలోచన విషయము. ఇచ్చట నౌకాసేనవారి తప్పును కూడ చెప్పకున్న ధర్మము కాదు. వారు పెద్ద ఫిరంగుల ఓడనే రాజుగా తలచిరి. శత్రువును వెదకుట, వాని ఓడను గాయపరచి నడక తగ్గించుట విమానముల పనియనియు, చంపుట ఫిరంగుల పనియనియు భావించిరి. పైనుండి వచ్చు విమానములను ఓడలోని తుపాకులే కూల్చునని నమ్మిరి. యుద్ధవిమానములో కూడ దారి చూచుటకు రెండవ మనుష్యుడు ఉండవలెనని కోరి, దానిని బరువుగా నెమ్మదిగా చేసికొనిరి. వాయుసేనతో కలహము వారికి ఒక ముసుగైనది. లోపమెప్పుడు కనబడినను, "అది మా చేతిలో లేదు" అని చెప్పుటకు వీలైనది. ఇద్దరు యజమానులున్న చోట బాధ్యత ఎవరిదియు కాదు. ఇది కలహముకంటె పెద్ద కీడు.

తుదకు 1937 జూలై 30వ తేదీన తీర్పు వచ్చినది. సేనల సమన్వయ మంత్రియగు సర్ థామస్ ఇన్‌స్కిప్ విచారించి, ఓడలపై విమానములు నౌకాసేనకే చెందవలెననియు, నేలనుండి లేచి సముద్రముపై తిరుగు విమానములు వాయుసేనకే ఉండవలెననియు చెప్పెను. చెప్పినంతనే పని జరుగునా? శిక్షణశాలలు కావలెను, విమానస్థలములు కావలెను, యంత్రములు బాగుచేయు పనివాండ్రు వేలకొలది కావలెను. అప్పగింత పూర్తియగునప్పటికి 1939 మే 24వ తేదీ యైనది. బ్రిటను జర్మనీపై యుద్ధము ప్రకటించినది సెప్టెంబరు 3వ తేదీన. నడుమ నూటరెండు దినములు! ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట యనగా ఇదియే. ఆనాటికి ఓడల విమానములు మొత్తము 232. విమానవాహక నౌకలు ఏడుండినను, వానిలో ఆర్క్ రాయల్ ఒక్కటే క్రొత్తది.

ఆ యువకుల ధైర్యమును కొనియాడక తప్పదు. 1940 నవంబరు 11వ తేదీ రాత్రి ఇరువదియొక్క స్వోర్డ్‌ఫిష్ విమానములు ఇటలీవారి టరాంటో రేవుపై పడి మూడు మహాయుద్ధనౌకలను కొట్టినవి; రెండు విమానములే పోయినవి. 1941 మే 26వ తేదీన ఆ పాత విమానములే బిస్మార్క్ అను జర్మను మహానౌక చుక్కానిని చెడగొట్టగా, మరునాడు అది మునిగినది. కాని ధైర్యము పాత యంత్రమునకు ఎంతకాలము తోడు రాగలదు? 1942 ఫిబ్రవరి 12వ తేదీన జర్మను ఓడలు ఇంగ్లీషు కాలువగుండ పట్టపగలు పోవుచుండగా, ఎస్మండ్ అను నాయకుని వెంట ఆరు స్వోర్డ్‌ఫిష్‌లు ఎదురుపోయినవి. తోడుగా వాయుసేన వారి పెక్కు దళములు రావలసియుండగా పది విమానములు మాత్రమే వేళకు వచ్చినవి. ఆరును కూలినవి. పదునెనమండ్రలో పదుమువ్వురు మరణించిరి. శత్రువుల ఓడకు ఒక్క దెబ్బయు తగులలేదు.

ఇక మన తీరపు సంగతి. 1921లో జపాను ప్రభుత్వము ఓడల విమానవిద్య నేర్పుడని బ్రిటిషువారిని కోరగా, సెంపిల్ అను ఆయన సుమారు ముప్పదిమంది ఉపాధ్యాయులతో అచ్చటికి పోయెను. ఆయన పూర్వము బ్రిటిషు నౌకాసేన విమానశాఖలో పనిచేసినవాడు. ఇంటిలో ఆదరము తగ్గిన విద్యను పొరుగింటివారు పీటవేసి నేర్చుకొనిరి. జపానువారు ఆ విద్యను తమ నౌకాసేనలోనే ఉంచి, ఇరువది యేండ్లు పెంచిరి. వారిలోను నౌకాసేనకు భూసేనకు తీవ్రమైన వైరము కలదు. అది వారికి వేరుచోట్ల కీడు చేసినది. కాని ఓడ విమానములపై యజమాని ఒక్కడే.

1942 ఏప్రిల్‌లో ఆ శిష్యులు ఐదు పెద్ద విమానవాహక నౌకలతో హిందూమహాసముద్రమునకు వచ్చిరి. 5వ తేదీన కొలంబోపై పడిరి. అదే వేళ వారి మరియొక దళము బంగాళాఖాతమున తిరుగుచు ఇరువదికి పైగా వర్తక నౌకలను ముంచినది. ఆ దళములోని ర్యూజో అను చిన్న విమానవాహక నౌకనుండి లేచిన విమానములే 6వ తేదీన విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. బ్రిటిషు నౌకాధిపతి సామర్‌విల్ వద్ద విమానవాహక నౌకలు మూడు కలవు. కాని వానిపై టార్పెడోలు మోయునవి అన్నియు రెండంతస్తుల రెక్కల పాతరకపు విమానములే. పగటివేళ ఎదురుపడిన నాశనము తప్పదని తెలిసి, ఆయన రాత్రి యుద్ధమునకు చూచి, అది కుదురక తొలగిపోయెను. 9వ తేదీన సింహళతీరమున హెర్మీస్ అను నౌక మునిగినది. విమానములు మోయుటకే కట్టిన ఆ ఓడపై ఆనాడు ఒక్క విమానమును లేదు. మూడువందలమందికి పైగా చనిపోయిరి.

మా తండ్రిగారు ఆ ఏప్రిల్‌లో విశాఖపట్టణమున బంధువుల యింట ఉండి చదువుకొనుచున్న బాలుడు. బాంబులు పడిన రాత్రి ఎడ్లబండిలో వంటపాత్రలును, తాటాకు గ్రంథముల మూటయు వేసికొని పడమటి పల్లెలకు పోయినట్లు ఆయన నాకు పలుమారు చెప్పిరి. "సముద్రము మనకు గోడ యనుకొంటిమి, ఆనాడది వాకిలి యని తెలిసినది" అనువారు. ప్రాణనష్టము స్వల్పమే, కాని ఊరికి ఊరే కదలిపోయినది. దీనికంతకును సేనల కలహమే కారణమని నేననను. ధనపు కరవు కలదు; ఐరోపాలో, మధ్యధరాసముద్రములో ఒకేసారి యుద్ధములు కలవు; జపాను బలమును చులకనగా చూచిన గర్వము కలదు. అయినను, విద్య పుట్టిన ఇల్లు శిష్యుని ముందు వెనుదీయుటకు ఆ ఇరువది యేండ్ల పంపకము ఒక ముఖ్యకారణ మనుటకు సందేహింపను.

1937 తీర్పులో మిగిలిన సగము కూడ ఒక పాఠము నేర్పినది. నేలనుండి లేచి సముద్రమును కాచు విమానములు వాయుసేనవద్దనే ఉన్నవి గదా. వాయుసేన పెద్దల మనస్సు జర్మనీ నగరములపై బాంబులు వేయుటయందుండెను. దూరము పోగల విమానములు అచ్చటికే ముందు పోయినవి. అట్లాంటిక్ సముద్రపు నడుమ ఏ విమానమును చేరలేని వెడల్పు మిగిలిపోయి, జర్మను జలాంతర్గాములకు అది వేటస్థలమైనది. 1943 మార్చిలో ఒకదానివెనుక నొకటి పోవుచున్న రెండు ఓడల గుంపులు ఇరువదిరెండు వర్తకనౌకలను కోల్పోయినవి. ఆ వసంతమున లిబరేటర్ అను దూరగామి విమానములు కొలదిగా దొరకినంతనే ఆ వెడల్పు మూసికొనిపోయినది. చిన్న విమానవాహక నౌకలును, క్రొత్త పరికరములును తోడైనవి. మే 24వ తేదీన జర్మను నౌకాధిపతి తన జలాంతర్గాములను అచ్చటినుండి వెనుకకు పిలిచెను. కావలసిన విమానములు లోకములో లేకపోలేదు; వేరొక గదిలో ఉండెను.

అయితే ఇందు గమనింపదగిన విశేషము కలదు. ఆ తీరరక్షక విమానదళము తుదివరకు వాయుసేనదే. కాని 1941 ఏప్రిల్ మొదలు ఏ పని చేయవలెనో చెప్పు అధికారము నౌకాసేనకు ఇచ్చిరి. ఆ పిమ్మట ఇద్దరును ఒక్క పటము ముందు నిలిచి పనిచేసిరి. సొత్తు ఒకరిదైనను సంకల్పము ఒకటైనచో పని జరుగునని దీనివలన తేలినది. ఇందుకు మారుగా, జర్మనీలో గోరింగ్ ఎగురునదెల్ల తనదేయనెను. గ్రాఫ్ జెప్పెలిన్ అను వారి విమానవాహక నౌక 1938 డిసెంబరులో నీటికి దిగియు ఎన్నడును పూర్తికాలేదు. ఇటలీలో విమానములన్నియు వాయుసేనవే. 1941 మార్చిలో మటపాన్ అగ్రము చెంత వారి నౌకాసేన ఆకాశమున కాపులేక మూడు క్రూయిజర్లను, రెండు డిస్ట్రాయర్లను పోగొట్టుకొనెను.

మన దేశమునకు వచ్చెదము. 1961లో విక్రాంత్ మన నౌకాసేనలో చేరినప్పుడు దానిపై విమానములును, వానిని నడుపువారును మొదటినుండి నౌకాసేనకే చెందిరి. 1971 డిసెంబరు 4వ తేదీన ఆ ఓడ విమానములు బంగాళాఖాతమున కాక్స్‌బజారును, చిట్టగాంగును కొట్టినవి. 1942లో శత్రువునకు వాకిలియైన సముద్రమునందే ఇది జరిగినది. కాని నేలనుండి లేచి సముద్రమును కాచు పని మాత్రము మన దేశములోను వాయుసేనదిగనే ఉండెను. 1976లో దానిని నౌకాసేనకు అప్పగించిరి. సూపర్ కాన్‌స్టలేషన్ అను విమానములు చేతులు మారి, ఆ నవంబరులో నౌకాసేనలో 312వ దళ మేర్పడినది. ఆ దళమే తరువాత టీయూ-142లను నడపినది. నా మనుమడు ఏ రెక్క క్రింద నిలిచి ప్రశ్న వేసెనో, ఆ రెక్కయే అతని ప్రశ్నకు ఉత్తరము! మూడు సేనలను ఒక మాటపై నడపుటకు మన దేశములో 2020 జనవరిలో ఒక ఉమ్మడి సేనానాయకుడు తొలిసారి పదవి స్వీకరించెను.

గ్రామపెద్దలారా! ఈ కథ రాజ్యములదే కాదు. మా ఊరి చెరువు రెండు పల్లెలకు ఉమ్మడిది. తూము పాడైన సంవత్సరము, బాగుచేయవలసినది మీరని వారు, మీరని వీరు మూడు వేసవులు వాదించుకొనిరి. వాదనలో రెండు పక్షములకును న్యాయమున్నది, ఇద్దరివద్దను కాగితములున్నవి. నాలుగవ యేట వానవచ్చి కట్ట తెగినది. నీరు ఎవరి కాగితమును చదువలేదు. రెండు పల్లెల పైరును ఒక్క రాత్రిలో కొట్టుకొనిపోయినది. సముద్రమును అట్టిదే, శత్రువును అట్టివాడే.

మనుమనికి నేను చెప్పిన ఉత్తరమిది: "నాయనా! ఓడకు విమానము కన్ను. ఆ కన్ను ఎవరి పెట్టెలో ఉన్నదని కాదు. ఓడ చూడదలచినప్పుడు అది తెరచుకొనునా అని అడుగవలెను. బ్రిటిషువారు ఇరువది యేండ్లు పెట్టె తాళము కొరకు పోట్లాడిరి. తాళము చేతికి వచ్చిన నూటరెండు దినములకే చీకటి పడినది." వాడు కొంచెముసేపు ఆలోచించి, "అయితే పోట్లాట తీరినతరువాత యుద్ధము రావలసినది గదా, తాతా!" అనెను. యుద్ధము మన వీలు చూచి రాదని వానికి చెప్పితిని. మీకును ఆ మాటయే విన్నవించి సెలవు తీసికొనుచున్నాను.